మా అత్తయ్య చిత్రిక మిషను

మా అత్తయ్య నన్ను కోడలిగా ఎంచుకున్నప్పుడు నా మొహం చూడలేదు, చేతులు చూసింది.

జగ్గయ్యపేటలో మా నాన్నకు లేత్ షాపు ఉంది. బోరు మోటార్ల షాఫ్టులు, సున్నపు బట్టీల వాళ్ల బుష్షులు, ట్రాక్టరు పిన్నులు అక్కడ తయారవుతాయి. డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చోలేక నేను షాపులోనే ఉండేదాన్ని. ఒక వేసవి మధ్యాహ్నం నాన్న భోజనానికి వెళ్లిన సమయంలో ఒకావిడ ఆటో దిగింది. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, కొంగు నడుముకు బిగించి ఉంది. ఆటో డ్రైవరు చేత గోనెసంచి చుట్టిన బరువైన ఇనుప కడ్డీ ఒకటి దింపించింది. సంచి విప్పితే లావుపాటి షాఫ్టు, దాని నడుమ బ్లేడ్లు బిగించే గాడులు కనిపించాయి. చెక్కను నున్నగా చేసే పాత చిత్రిక మిషను గుండెకాయ అది.

"మీ నాన్న ఎప్పుడొస్తాడు?" అంది.

నేను కాలిపర్ తీసుకుని షాఫ్టు రెండు కొసలూ కొలిచాను. "ఈ పక్క తినేసిందండీ. తెల్ల లోహం బేరింగులో నూనె లేకుండా తిప్పినట్టున్నారు. కొసలు లేత్ మీద సాపు చేసి, బేరింగులు కొత్తగా పోయాలి" అన్నాను.

ఆమె నా వేళ్ల మీది గ్రీజు వంక కాసేపు చూసింది. "నీకు పెళ్లయిందా అమ్మాయ్?" అని అడిగింది.

ఆ ఏడాది చివర్లోనే నేను నందిగామ కోడలినయ్యాను. తర్వాత ఒకసారి మాటా మాటా పెరిగినప్పుడు మా ఆయన అన్నాడు: "నిన్ను నాకోసం చేసుకుందనుకున్నావా? మిషను కోసం చేసుకుంది."

మా అత్తవారిది గుమ్మాలు, తలుపులు, కిటికీలు చేసే షెడ్డు. హైవే మీద నుంచి ఊళ్లోకి తిరిగే రోడ్డు పక్కన, రేకుల కింద ఉంటుంది. మామయ్య నేను రాకముందే పోయాడు. ఆయన చేతిపని మనిషి. మిషను పని మొదటి నుంచీ అత్తయ్యదే. మూతబడిన ఒక కోత మిల్లు నుంచి ఆ పాత మిషను కొనిపించింది కూడా ఆమేనట. పోత ఇనుముతో చేసిన మిషను. దాని ఒంటి మీద ఏవో పరదేశపు అక్షరాలు సగం అరిగిపోయి ఉండేవి. మామయ్య పోయిన తర్వాత బేరింగు కాలి అది ఆగిపోయింది. దాని వయసుకు బాగుచేసేవాళ్లు దొరకలేదు. అత్తయ్య ఒక రేకు డబ్బాలాంటి కొత్త మిషను కొని దాంతో సరిపెట్టుకుంటూ, దాన్ని రోజూ తిట్టేది. పాతది షెడ్డు మూల పట్టా కింద ఎర్రగా తుప్పు పట్టి పడి ఉంది.

నేను కాపురానికి వెళ్లిన వారానికే ఆమె ఆ పట్టా లాగేసింది.

"ఇదిగో. ఇదే నీ ఆడపడుచు" అంది.

ఆ మిషనును బాగుచేసిన రోజులే నా కాపురంలో నాకు బాగా గుర్తున్న రోజులు. కిరసనాయిలు పోసి, ఎమెరీ కాగితంతో రుద్ది, మళ్లీ పోసి, మళ్లీ రుద్దేదాన్ని. తుప్పు పోయిన కొద్దీ కింద నుంచి బూడిద రంగు ఇనుము తేటగా బయటపడేది. మిషనుకు రెండు బల్లలు. ముందు బల్ల మీద నుంచి చెక్కను తోస్తే నడుమ తిరిగే బ్లేడ్లు దాని పైపొర లేపుతాయి. నున్ననైన చెక్క వెనక బల్ల మీదికి జారుతుంది. ఆ రెండు బల్లలూ ఒకే మట్టంలో లేకపోతే చెక్క వంకర పోతుంది. మా నాన్న నందిగామ వచ్చి, షాఫ్టుకు దీపపు మసి పట్టించి, చుట్టూ బంకమట్టితో గట్టు కట్టి, కరిగించిన తెల్ల లోహం పోశాడు. అది చల్లారాక ఎర్ర రంగు పూసి షాఫ్టును తిప్పి చూస్తే, ఎత్తుగా ఉన్న చోటల్లా రంగు అంటుకుంది. అంటుకున్న చోటల్లా గీకడం నా పని. గీకడం, రంగు పూయడం, తిప్పి చూడటం, మళ్లీ గీకడం. అత్తయ్య పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తుండేది. బాగుందని ఒక్కసారీ అనలేదు. ఎక్కడైనా ఎక్కువ గీకితే మాత్రం, "మీ అమ్మ నీకు కూరగాయలు తరగడం కూడా నేర్పలేదా?" అనేది.

మొదటిసారి బెల్టు ఎక్కించి మోటారు స్విచ్చి వేసిన రోజు అది అరవలేదు, మూలగలేదు. నిండు బిందెలో నీళ్లు కదిలినట్టు లోపల్నించి ఒక మెత్తని మోత వచ్చింది. అత్తయ్య ఒక మద్ది చెక్కను తోసింది. చెక్క అవతల తేలినప్పుడు దాని మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుంది. ఆ మొహంలో నేను చూసిన సంతోషం తర్వాత తన మనవరాలు పుట్టినప్పుడు కూడా కనిపించలేదు.

ఆ మోత వినగానే మా ఆయన షెడ్డులోంచి బయటికి నడిచి వెళ్లిపోయాడు.

ఆయన సంగతి నాకు అప్పటికి తెలియదు. ఆయన మా తలుపులూ గుమ్మాలూ ట్రాలీ ఆటోలో వేసుకుని ఊళ్లకు చేరవేసేవాడు. మాట మెత్తన. వంట నా కంటే బాగా చేస్తాడు. నవ్వితే పెదవులు తెరవడు. ముందు పళ్లు పెట్టుడువని పెళ్లయిన కొత్తలో కనిపెట్టాను గాని అడగలేదు. అత్తయ్యే చెప్పింది, అదీ వీరులపాడు నుంచి గుమ్మాల కోసం వచ్చిన రైతు ముందు, నన్ను పక్కన పెట్టుకుని.

"పదో తరగతి తప్పాడండీ. పోనీ పని నేర్చుకోరా అని చెక్క తొయ్యమన్నా. పక్కన నిలబడి తోస్తారు ఎవరైనా. వీడు వెనకాల నిలబడి, బ్లేడు ఎట్టా తిరుగుద్దో చూద్దామని వంగాడు. ముడి తగిలి చెక్క వెనక్కి తన్నింది. ముందు పళ్లన్నీ చెక్క పొట్టులో పడ్డాయి. ఏరుకోరా అన్నా. నోట్లోంచి రక్తం కారతా నిజంగానే వంగి ఏరుకున్నాడండీ!"

రైతు ఇబ్బందిగా నవ్వాడు. మా ఆయన అప్పుడు ట్రాలీకి తాడు బిగిస్తున్నాడు. బిగించడం ఆపలేదు.

"ఆసుపత్రికి తీసుకెళ్లారా?" అని అడిగాను.

"వాళ్ల నాన్న తీసుకెళ్లాడు. నాకు పని ఉంది. ఆ చెక్కే మళ్లీ తోసి గుమ్మానికి వేశాం. కంచికచర్లలో ఉంది ఇప్పటికీ, చూపిస్తా కావాలంటే" అంది అత్తయ్య.

మిషను పాడైపోయి మూలన పడి ఉన్న ఆ కొద్ది ఏళ్లే ఆయన ఊపిరి పీల్చుకున్న కాలమని నాకు మెల్లగా అర్థమైంది. దాన్ని మళ్లీ తిప్పింది నేను.

తర్వాత పదేళ్లకు పైగా ఆ మిషను మమ్మల్ని పోషించింది. ఆ చుట్టుపక్కల కొత్త ఇల్లు కట్టే ప్రతివాళ్లూ మా దగ్గరికే వచ్చేవారు. రెడీమేడ్ తలుపులు, ప్లాస్టిక్ కిటికీలు వచ్చాక కూడా, సింహద్వారం మాత్రం అత్తయ్య చేతి మీదుగానే వెళ్లాలనుకునేవాళ్లు ఉండేవారు. నేను కూడా పని నేర్చుకున్నాను. బ్లేడ్లు నూనెరాయి మీద పదును పెట్టడం, సన్నటి చెక్క బద్దను వెనక బల్ల మీద పరిచి షాఫ్టును చేత్తో తిప్పుతూ బ్లేడు బద్దను ఎంత జరుపుతుందో చూసి రెండు కొసలూ సమానంగా బిగించడం, పీచు ఎదురు తిరిగిన ఎదురు వాటం చెక్కను మోత మారకముందే గుర్తుపట్టడం. ఒకసారి బ్లేడ్ల మీద మూసుకునే రేకు కవచం ఒకటి నాన్న చేత చేయించి బిగించాను. అత్తయ్య స్పానర్ తీసుకుని విప్పి రోడ్డు మీదికి విసిరేసింది.

"చేతుల మీద అంత ప్రేమున్నోళ్లు గాజులేసుకుని ఇంట్లో కూచోవాల. మా ఇంట్లో ఆ పనికి మనిషున్నాడు" అంది, మా ఆయన వైపు గడ్డం ఎత్తి చూపిస్తూ.

ఇలాంటి మాటలు రోజూ ఉండేవి. కొడుకును తిట్టనిదే ఆమెకు ఒక చెక్క అయినా నున్నగా వచ్చేది కాదేమో. ఆయన ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం ఆమె కంచంలో వేడి అన్నం పెట్టేది ఆయనే. పొట్టు పడకుండా కంచం మీద మరో పళ్లెం మూసి తెచ్చేవాడు.

తర్వాత ఆమె కళ్లకు పొర కమ్మింది. ఎవరికీ చెప్పలేదు. చెక్క కొసను కంటి దగ్గరికి తెచ్చుకుని చూసే మనిషి, దాన్ని చెంపకు ఆనించి చూడటం మొదలుపెట్టింది. నేను తోసిన పలకల మీద అలలు ఉన్నాయని తిట్టేది. వేలితో తడిమితే అలలేవీ ఉండేవి కావు. ఒకరోజు పరిటాల నుంచి భార్యాభర్తలు పూజగది తలుపులు చూసుకోవడానికి వచ్చారు. వాళ్ల తాతల నాటి ఇంటి టేకు దూలాన్ని కోయించి తెచ్చుకున్నారు. తలుపులకు అదే వాడాలని వాళ్ల కోరిక. పాత కర్రలో మేకులు ఉంటాయి కాబట్టి ముందు వెతికి పీకాలి. వెతికింది అత్తయ్యే. నేను చూస్తానంటే ఒప్పుకోలేదు.

పలకను మిషను మీద తోసింది. టప్‌మని మోత వచ్చింది, నిప్పురవ్వలు లేచాయి. నేను పరుగెత్తి స్విచ్చి ఆపాను. బ్లేడు అంచు గోరంత ఎగిరిపోయింది. పలక నిండా పొడుగ్గా గీత పడింది. తెగిన మేకు తల అందులో మెరుస్తూ కనిపిస్తోంది. నాకు కనిపిస్తోంది, పరిటాల వాళ్లకు కనిపిస్తోంది, ఆమెకు కనిపించడం లేదు.

"ఎవడ్రా ఇది దించింది?" అని అరిచింది.

మా ఆయన బయటి నుంచి వచ్చాడు. "నేనే అమ్మా."

"మేకులు చూసుకోవా?"

"నువ్వు చూస్తానన్నావు కదమ్మా."

ఆమె చేతిలో చెక్కలు తోసే కర్ర ఉంది. దానితో ఆయన దవడ మీద కొట్టింది. గట్టి దెబ్బ. పెట్టుడు పళ్ల సెట్టు ఊడి నోట్లోంచి జారి పొట్టులో పడింది. పరిటాల ఆవిడ "అయ్యో" అని మొహం తిప్పుకుంది. అత్తయ్యకు ఏం పడిందో కూడా కనిపించలేదు. "ఏందది?" అని అడిగింది.

మా ఆయన వంగి తీసుకుని, చొక్కాకు తుడుచుకుని, జేబులో వేసుకున్నాడు. "ఏం లేదమ్మా" అన్నాడు. పళ్లు లేని ఆ మాట వింతగా వినిపించింది.

ఆ సాయంత్రమే ఆయన నాతో, "అమ్మకి కంటి ఆపరేషన్ చేయిద్దాం. నేను మాట్లాడతా" అన్నాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఇంత జరిగాక కూడా తల్లి కళ్ల గురించి ఆలోచిస్తున్నాడే అనుకున్నాను. అత్తయ్యను ఒప్పించడానికి ఆయన పడిన కష్టం అంతా ఇంతా కాదు. బతిమాలాడు. కళ్లు బాగుపడితే మిషను మీద ఇంకో పదేళ్లు పని చేసుకోవచ్చన్నాడు. ఆ మాటకే ఆమె ఒప్పుకుంది. విజయవాడలో కంటి ఆసుపత్రి ఆయనే చూశాడు. తోడు నన్ను వెళ్లమన్నాడు. "ఆడమనిషి పక్కనుండాల. షెడ్డు నేను చూసుకుంటాలే" అన్నాడు. పిల్లను కూడా మా అమ్మ దగ్గర, జగ్గయ్యపేటలో దింపి వచ్చాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ రాత్రి ఉంచి మర్నాడు పంపించేశారు. కంటికి ప్లాస్టిక్ మూత, దాని మీద నల్ల కళ్లజోడు. బస్సులో ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అంతకు ముందెప్పుడూ పట్టుకోలేదు. ఆ పరిటాల పలకను ఎలా సరిచేయాలో దారి పొడుగునా చెబుతూనే ఉంది. గీత పడిన మేరకు పొర లేపితే మందం తగ్గుతుంది కాబట్టి, దాన్ని నడిమి పలకగా వాడి, అంచులకు మరో చెక్క వేయాలట. మంచి ఆలోచనే.

నందిగామలో దిగగానే, "ముందు షెడ్డుకి పద" అంది.

షెడ్డు ఎదురుగా టీ కొట్టు ఆవిడ మమ్మల్ని చూసి లోపలికి వెళ్లిపోయింది. అప్పుడే ఏదో తేడాగా అనిపించింది నాకు. రేకుల తలుపు తీసి ఉంది. లోపల అంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. మిషను ఉండే చోట వెలుతురు పడుతోంది. సిమెంటు దిమ్మ, దాని మీద నల్లటి నూనె మరక, కోసేసిన బోల్టులు. మిషను లేదు.

నేను ఆగిపోయాను. అత్తయ్య ఆగలేదు. నా చెయ్యి వదిలేసి, ఆ షెడ్డులో కళ్లు అక్కర్లేని మనిషిలా, ఎప్పటిలాగే గబగబా నడిచి, ముందు బల్ల ఉండే ఎత్తున చెయ్యి చాపి దాని మీద బరువు ఆనించబోయింది. చేతి కింద ఏమీ లేదు. ముందుకు తూలి దిమ్మ మీద మోకాళ్ల మీద పడింది. నేను వెళ్లి పట్టుకునే లోపే రెండు చేతులతో దిమ్మను తడమసాగింది. బోల్టు కొస తగిలినప్పుడు వేలు దాని చుట్టూ ఒకసారి తిప్పింది.

"ఎక్కడికి మార్చారు?" అంది.

మా ఆయన మూల నుంచి ముందుకు వచ్చాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు.

"మార్చలేదమ్మా. పగలగొట్టించా. పాత ఇనుము వాళ్లొచ్చి తీసుకెళ్లారు."

"మొత్తంగా కొనేవోళ్లు ఉన్నార్రా" అంది మోకాళ్ల మీద నుంచే. "జగ్గయ్యపేట టింబర్ డిపో ఆయన ఎన్నిసార్లు అడిగాడు. అమ్మినా బతికుండేది."

"తెలుసమ్మా. నిన్న కూడా అడిగాడు. ఇవ్వలేదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. చొక్కా దులుపుకుంటూ లేచింది. కొడుకు గొంతు వచ్చిన దిక్కుకు మొహం తిప్పింది.

"పుట్టిన కాడ్నించి నువ్వొక పని పూర్తిగా చెయ్యడం ఇదేరా" అంది.

"అవునమ్మా. కూర చల్లారిపోద్ది, ఇంటికి పద" అన్నాడాయన.

మెత్తగా ఉడికించిన అన్నం, కారం తగ్గించిన బీరకాయ కూర చేసి పెట్టాడు. డాక్టరు కారం వద్దన్నాడని గుర్తుపెట్టుకున్నాడు. ఆమె తింది. నేను తినకుండా లేచాను.

కంటి చుక్కలు వేసే పని ఆయనే తీసుకున్నాడు. సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కునేవాడు. తల్లిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మూత తీసి, కింది రెప్పను వేలితో మెల్లగా లాగేవాడు. మందు పడేదాకా ఆమె కదలకూడదు, పడ్డాక కాసేపు కళ్లు మూసుకుని అలాగే ఉండాలి. మొదటి రోజు నేను వంటగదిలో ఉన్నాను. ఆయన ఏదో తక్కువ గొంతుతో చెబుతుంటే జాగ్రత్తలు చెబుతున్నాడనుకున్నాను. మంచినీళ్లు తీసుకుని గుమ్మం దాకా వెళ్లాను.

"ముందు బల్ల రెండు దెబ్బలకే పోయిందమ్మా. అంత లావుందా, లోపలంతా బోలు. వెనక బల్ల మాత్రం ఆగింది. ఇద్దరు మార్చి మార్చి కొట్టారు. కదలకు. చుక్క బయటికొచ్చుద్ది."

ఆమె కదల్లేదు.

సాయంత్రం చుక్కలప్పుడు షాఫ్టు సంగతి చెప్పాడు. అది పగలదు కాబట్టి గ్యాసుతో కోశారట. నేను గీకి గీకి సరిచేసిన తెల్ల లోహం వేడికి కరిగి నేల మీద కారిందట, వెండిలా ఉందట. మర్నాడు పొద్దున బెల్టు చక్రం సంగతి. ఆ తర్వాత, మిషను ఒంటి మీది అక్షరాల సంగతి. అవి ఉన్న ముక్క కావాలా అని పాత ఇనుము వాడు అడిగితే, అక్కర్లేదన్నాడట. ప్రతిసారీ ఒక ముక్క. ఆయన గొంతులో కోపం లేదు. పిల్లకు కథ చెప్పేటప్పుడు కూడా అలాగే మాట్లాడతాడు.

రెండో రోజు మధ్యాహ్నం నేను మందు సీసా లాక్కున్నాను. "ఇంక చాలు. నేను వేస్తా" అన్నాను.

మంచం మీద నుంచి అత్తయ్య అంది: "నువ్వొద్దు. వాణ్నే వెయ్యనీ."

"అత్తయ్యా, మీకు వినాలనుందా అదంతా?"

"నీ చెయ్యి వణుకుద్ది. వాడిది వణకట్లేదు చూశావా? వాడి చెయ్యి వణక్కుండా ఉండగా నేనెప్పుడూ చూళ్లేదు." తర్వాత కొడుకుతో, "చెప్పరా. పొద్దున చక్రం సంగతి సగంలో ఆపావు. చక్రానికి పగులుందని నాకు ముందే తెలుసు, అక్కడే ఇరిగిందా?" అంది.

"అక్కడ కాదమ్మా. చక్రం ఆకు చువ్వ దగ్గర" అన్నాడాయన, నా చేతిలోంచి సీసా తీసుకుంటూ.

వాళ్లిద్దరూ అంతసేపు ప్రశాంతంగా మాట్లాడుకోవడం నా కాపురంలో అదే మొదటిసారి. నేను బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. నాకు అప్పుడు కలిగింది జాలి కాదు. ఆ ఇంట్లో నేను కూడా ఒక మనిషినే. ఆ మిషను బేరింగులు నేను పోయించినవి, ఆ బల్లల మట్టం నా వేళ్లతో తెచ్చినది. పగలగొట్టిన వాడికీ, పోగొట్టుకున్న ఆమెకూ నేను గుర్తుకు రాలేదు. ఆమె ఒక్కసారి కూడా "నీ కష్టం పోయిందే" అనలేదు. ఆ సాయంత్రం ఆయన్ని అడిగాను.

"ఏవండీ, అది నాది కూడా కదా. నాకెందుకు చెప్పలేదు?"

ఆయన బియ్యం కడుగుతున్నాడు. "నువ్వు ఆవిడ మనిషివి" అన్నాడు.

"నేను మీ భార్యని."

"నేను ఊపిరి పీల్చుకుంటుంటే దాన్ని మళ్లీ తిప్పింది ఎవరు?" అన్నాడు. నీళ్లు వంపి, బియ్యం పొయ్యి మీద పెట్టాడు.

నేను జగ్గయ్యపేట వెళ్లిపోయాను. కోపంతో వెళ్లాననుకున్నారు అందరూ. కోపం ఉంది గాని, పని కోసం వెళ్లాను. మా మిషను మొత్తంగా కొంటానని అడిగిన పెద్దాయన, మా నాన్న షాపుకు దగ్గరలోనే టింబర్ డిపో నడుపుతాడు. ఆయన ఒక మూతబడ్డ మిల్లు నుంచి అలాంటిదే ఇంకో పాత మిషను తెచ్చి పెట్టుకున్నాడు. కొత్త మిషన్లు తేలికగా ఉండి చెక్కతో పాటు వణుకుతాయని ఆయన నమ్మకం. "బాగుచేసి, నువ్వే నడుపు" అన్నాడు. అది మా దాని కంటే అధ్వానంగా ఉంది. బల్ల మీద ఎవరో గొడ్డలికి పదును పెట్టిన గాట్లు. దాన్ని నేనూ నాన్నా కలిసి నిలబెట్టాం. ఈసారి కవచం కూడా బిగించాను.

పిల్ల బడి కోసం మళ్లీ నందిగామలో అదే ఇంట్లో ఉంటున్నాను. రోజూ బస్సులో వెళ్లి వస్తాను. మా ఆయన ట్రాలీ నడుపుకుంటాడు. షెడ్డులో ఇప్పుడు ఫ్యాక్టరీ తలుపులు తెచ్చి అమ్ముతున్నాడు. బాగానే నడుస్తోంది. తల్లి రెండో కంటికి కూడా ఆపరేషన్ చేయించాడు.

అత్తయ్యకు ఇప్పుడు చూపు బాగుంది. సూదిలో దారం ఎక్కిస్తుంది. చూపు వచ్చాక ఆమె మొదటగా నన్ను అడిగింది, జగ్గయ్యపేట మిషను దగ్గరికి తనను తీసుకెళ్లమని. "బ్లేడ్లు బిగించి పెడతా. ఊరికే కూచోలేకపోతున్నా" అంది. బతిమాలడం ఆమెకు రాదు. మాట కర్కశంగానే వచ్చింది, చేతులు మాత్రం చొక్కా గుండీలను పట్టుకుని ఉన్నాయి.

"వద్దు అత్తయ్యా" అన్నాను.

"ఎందుకు?"

"నాకిష్టం లేదు."

ఆమె నా మొహం వంక చూసింది. కొత్త కళ్లతో బాగా చూసింది.

మర్నాడు నేను డిపోలో ఒక వేప పలక తోస్తుంటే గుమ్మంలో నీడ పడింది. ఆమె తనే బస్సెక్కి వచ్చింది. లోపలికి రాబోతే డిపో పెద్దాయన, "రండమ్మా, రండి" అని కుర్చీ చూపించాడు. నేను మిషను ఆపకుండా, "బయట బల్ల ఉంది, అక్కడ కూర్చోమనండి. పని చేసే చోట బయటి వాళ్లు ఉండకూడదు" అన్నాను. పెద్దాయన మా ఇద్దరి వంకా చూసి, కుర్చీని తనే బయటికి తీసుకెళ్లి వేశాడు.

ఆమె కూర్చుంది. పలకను నేను మళ్లీ తోశాను. వాటం తిరిగిన చోట మోత కొద్దిగా మారింది. బయట ఆమె తల ఎత్తడం నాకు కనిపించింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. నేను అటు చూడలేదు. పలకను తిప్పి రెండో వైపు నుంచి తోశాను. ఆమె చెప్పబోయింది కూడా అదే అయి ఉంటుంది.

ఇప్పుడు వారంలో ఎక్కువ రోజులు వస్తుంది. అన్నం డబ్బా తెచ్చుకుని ఆ కుర్చీలోనే తింటుంది. తలుపుల చెక్క కోసం వచ్చిన వాళ్లు మీరెవరని అడిగితే, "ఆ లోపల చేసే అమ్మాయి మా కోడలు" అని చెబుతుందట. నేను ఒక్కసారి కూడా లోపలికి పిలవలేదు. పిలుద్దామని ఎప్పుడైనా అనిపిస్తుందేమోనని చూస్తున్నాను. ఇంతవరకు అనిపించలేదు.

సాయంత్రం ఒకే బస్సులో, వేరే వేరే సీట్లలో తిరిగి వస్తాం. నందిగామ బస్టాండులో మా ఆయన ట్రాలీ పెట్టుకుని ఉంటాడు. ముందు సీటులో ముగ్గురం ఇరుక్కుని కూర్చుంటాం, నడుమ అత్తయ్య. ఆయన గేరు మార్చినప్పుడల్లా చెయ్యి ఆమె మోకాలికి తగులుతుంది.

"పొద్దున చుక్కలు వేసుకున్నావా అమ్మా?" అని అడుగుతాడు. చుక్కలు వాడటం ఎప్పుడో అయిపోయింది.

"వేసుకున్నాన్రా" అంటుంది.